కుడి వైపు కార్బురేటర్

నేను ఆ షెడ్‌కు చేరింది సెప్టెంబరులో ఒక ఆదివారం, ఉదయం 9:40కి. ఎండ నలభై ఒక్క డిగ్రీలు. పికప్ దిగగానే కళ్ళజోడు అద్దాలు మసకబారాయి. సముద్రం కనబడదు కానీ గాలి తడిగా, ఉప్పగా ఉంది. మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక పదకొండు కిలోమీటర్లు. చుట్టూ నిలువెత్తు ప్రహరీ. ఒకే గేటు. గేటు పక్కన డ్రైవర్ గది. అక్కడి నుంచి మూడు వందల అడుగుల దూరంలో రేకుల షెడ్. షెడ్ వెనక వంటిల్లు, దాని వెనక యజమాని వాళ్ళ పెద్ద ఇల్లు, ఖర్జూరపు చెట్లు, గొర్రెల దొడ్డి. గేటు మీద ఒక కెమెరా. షెడ్‌లో కెమెరా లేదు. దిగిన పది నిమిషాల్లో ఇవన్నీ చూసి పెట్టుకున్నాను. అలవాటు.

ఊళ్ళో మీరు నన్ను ఎప్పుడూ సరిహద్దు గురించే అడుగుతారు. మంచు గురించి, కాల్పుల గురించి. పదిహేడేళ్ళు సైన్యంలో బండ్ల మెకానిక్‌గా చేసి, హవల్దార్‌గా పింఛను తీసుకున్నవాణ్ణి కాబట్టి అడుగుతారు. ఆ తర్వాత చేసిన రెండేళ్ళ డ్యూటీ గురించి ఎవరూ అడగలేదు. "దుబాయ్ పోయొచ్చిండు" అంటారు, అంతే. నేను పోయింది ఖతర్. నా మటుకు అది ఇంకో పోస్టింగ్. నేను అన్నిటికంటే పెద్ద తప్పు చేసింది ఆ పోస్టింగ్‌లోనే.

షెడ్‌లో ఏడు పాత కార్లు, మూడు మోటారు సైకిళ్ళు. యజమానికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పనివాళ్ళంతా అర్బాబ్ అని పిలిచేవారు. అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ బాగానే మాట్లాడతాడు. నన్ను చివరి బండి దగ్గరికి తీసుకెళ్ళి గుడ్డ తీశాడు. ఇంగ్లండులో తయారైన బండి. యాభై ఏళ్ళు దాటింది. రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, ముదురు ఎరుపు ట్యాంకు.

"మా నాన్న కొన్నది. పన్నెండేళ్ళుగా కదల్లేదు. డిసెంబరులో లుసైల్‌లో పాత బళ్ళవాళ్ళు కలుస్తారు. ఆ రోజు దీని మీద వెళ్ళాలి" అన్నాడు.

"ముందు చక్రం, ఫోర్కులు బండి కంటే కొత్తవి. ఎందుకు మార్చారు?"

"పాతవి పాడయ్యాయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన బండి వైపు చూడలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

మూడు నెలలు ప్రొబేషన్. బండి నడవకపోతే నేను బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపుకు తిరిగి పోవాలి. అంతకుముందు రెండు వారాలు అక్కడే ఉన్నాను. గదికి ఎనిమిది మంది. పని గోదాముకు కాపలా. పానా పట్టిన చేతికి కర్ర ఇచ్చి నిలబెడతారు. నేను అక్కడికి తిరిగి పోదలచుకోలేదు.

డ్రైవర్ పాకిస్తానీ. చక్వాల్ వైపు వాడు. నలభై అయిదేళ్ళు, పొట్టి మీసం. గేటు కాపలా కూడా అతనిదే. మొదటి సాయంత్రం అతని గది ముందు నుంచి పోతూ లోపలికి చూశాను. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ కొలిచినట్టు మడిచి ఉంది. మంచం కింద బూట్లు, మడమలు గోడ వైపు. నేను చూడటం అతను చూశాడు.

"నువ్వు ఫౌజీవి" అన్నాడు హిందీలో. సైనికుడివి అని.

"నువ్వూ."

"ఎటువైపో చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. ఏ కొండ, ఏ సంవత్సరాలు అని నేను అడగలేదు. అతనూ అడగలేదు. ఆ రాత్రి నుంచి నేను షెడ్ తాళం రెండుసార్లు లాగి చూసుకోవడం మొదలుపెట్టాను.

మూడోవాడు వంటవాడు. సిరిసిల్ల దగ్గరి వాడు. యాభై ఆరేళ్ళు. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. హిందీ, అరబ్బీల మధ్య మన మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నా అని పిలిచాను. నా కడుపు సరిగా లేదని తెలిసి రోజూ జీలకర్ర వేసి మరగబెట్టిన నీళ్ళు స్టీలు చెంబులో పంపేవాడు.

"జర పైలం తమ్మీ. ఆ గేటుకాడోడు మంచిగ మాట్లాడుతడు గని, మనసుల ఏమున్నదో ఎవలకెర్క" అన్నాడు రెండో రోజే.

నాకు అప్పటికే ఉన్న అనుమానానికి ఆ మాట చాలు.

గేటుకూ షెడ్‌కూ మధ్య వాకీటాకీ ఉండేది. మా ఇద్దరి మాటలూ అందులోనే.

"షెడ్, వినిపిస్తోందా? స్పేర్ల పెట్టె వచ్చింది."

"గేట్, వినిపిస్తోంది. అక్కడే పెట్టు. నేను వచ్చి తీసుకుంటా."

అతన్ని షెడ్‌లోకి రానివ్వడం నాకు ఇష్టం లేదు. అది అతనికీ తెలుసు.

మొదటిసారి కార్బురేటర్లు విప్పింది వచ్చిన అయిదో రోజు, ఉదయం ఆరింటికి. ఎండ ఎక్కకముందే పెట్రోలు పని చేసుకోవాలి. ముందు ట్యాంకు కింద పెట్రోలు ట్యాప్ కట్టేశాను. పైపులు లాగి మూతులకు గుడ్డ చుట్టాను. పై మూత స్క్రూలు తీసి, కేబులుతో సహా స్లయిడ్‌ను పైకి లాగాను. స్లయిడ్ అంటే కార్బురేటర్ లోపల పైకీ కిందికీ జారే చిన్న గొట్టం. రేస్ ఇస్తే పైకి లేస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని కిందికి తోస్తుంది. ఇంజనుకు ఎంత గాలి పోవాలో అదే చూసుకుంటుంది. రెండింటినీ వేరువేరు గుడ్డల్లో చుట్టి, కుడిది కుడి పక్క, ఎడమది ఎడమ పక్క పెట్టాను. ఒకదాని సామాను ఇంకోదానిలో కలవకూడదు. తర్వాత ఇంజనుకు పట్టి ఉంచే రెండేసి నట్లు. ఎడమవి సులువుగా వచ్చాయి. కుడివి ఎవరో పిచ్చి బిగింపు బిగించారు. పానాకు పైపు తొడిగి తిప్పాల్సి వచ్చింది.

ఇంజను మూతుల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కాను. ఒక్క నట్టు లోపల పడినా ఇంజను మొత్తం విప్పాలి. కార్బురేటర్ల అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలు తీశాను. పన్నెండేళ్ళ పెట్రోలు ఎండి, బెల్లం పాకంలా గట్టిపడింది. పెట్రోలు చిమ్మే సన్నని ఇత్తడి జెట్లు తీసి, కడిగే మందులో నానబెట్టాను. జెట్ రంధ్రంలో తీగ పెట్టకూడదు. రంధ్రం పెద్దదైతే లెక్క తప్పుతుంది. గాలి పట్టి, వెలుతురుకు ఎత్తి చూడాలి. రంధ్రం అవతల ఆకాశం గుండ్రంగా కనబడాలి. మధ్యాహ్నానికి అన్నీ శుభ్రమయ్యాయి. కుడి స్లయిడ్‌ను చేతిలో జార్చి చూశాను. సాఫీగా జారింది.

మర్నాడు బండి నాలుగో తన్నుకు అందుకుంది. అర్బాబ్ నవ్వాడు. పెద్దింటి కిటికీలో ఒక పరదా కదిలింది. నాలుగు నిమిషాలు బాగానే తిరిగింది. కొంచెం రేస్ ఇవ్వగానే దగ్గి ఆగిపోయింది.

ఫ్లోట్ గిన్నె విప్పి గాజు సీసాలో వంచాను. పెట్రోలు అడుగున నీళ్ళు ముత్యంలా దొర్లుతున్నాయి. సముద్రపు గాలి, సగం ఖాళీ ట్యాంకు. తేమ దిగింది అనుకున్నాను. ట్యాంకు కడిగి, ఆరబెట్టి, నిండా పోశాను.

వారం తర్వాత మళ్ళీ అదే. ఈసారి సీసాలో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు. నిండు ట్యాంకులో అంత తేమ దిగదు. ఎవరో పోస్తున్నారు.

షెడ్ తాళంచెవులు మూడు. ఒకటి నా దగ్గర. ఒకటి డ్రైవర్ దగ్గర, కార్లు బయటికి తీయడానికి. మూడోది వంటింట్లో మేకుకు వేలాడుతుండేది. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. వంటవాడు మనవాడు.

ఎవరైనా మూత తీస్తే తెగేలా, నల్లదారం పోగు ఒకటి ట్యాంకు మూత మీదుగా వేసి, రెండు కొసలూ గ్రీజు చుక్కతో అంటించాను. రోజూ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసేవాణ్ణి. డ్రైవర్ ఎన్నింటికి లేస్తాడు, ఎన్నింటికి గేటు వదులుతాడు, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాను. శత్రువు పోస్టును చూసినట్టు చూశాను. అతనూ నన్ను చూస్తున్నాడు. నేను ఊరికి ఫోన్ చేస్తుంటే గేటు దగ్గర నిలబడి, తల తిప్పకుండా వినేవాడు. తెలుగు అతనికి రాదు. అయినా వినేవాడు.

అక్టోబరు మూడో వారం. మంగళవారం. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చి, 13:40కి షెడ్ వైపు వస్తున్నాను. డ్రైవర్ షెడ్ తలుపు వేసి బయటికి వస్తున్నాడు. చేతిలో ఒకటిన్నర లీటర్ల నీళ్ళ సీసా. సగం ఖాళీ.

"ఏం పని?" అన్నాను.

"నా పని" అన్నాడు.

లోపలికి పోయి చూశాను. దారం తెగి ఉంది.

ఆ సాయంత్రమే అర్బాబ్‌కు చెప్పాను. సమయం, సీసా, దారం. సైన్యంలో రిపోర్టు ఇచ్చినట్టే, ఒక్క మాట ఎక్కువ లేకుండా. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు.

"మీ రెండు దేశాల గొడవ నా షెడ్‌లో వద్దు. ఖలాస్. అతన్ని లుసైల్ పంపిస్తా. అక్కడ నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు."

డ్రైవర్‌ను ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. నేనూ అడగమనలేదు.

గురువారం ఉదయం 6:10కి అతన్ని తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. ఒక బ్యాగు, చుట్టిన దుప్పటి. నేను షెడ్ తలుపు దగ్గర నిలబడ్డాను. అతను తాళంచెవి ఇవ్వడానికి నా దాకా నడిచి వచ్చాడు.

"ఉస్తాద్, నువ్వు దారం కట్టిన మొదటి రోజే చూశాను. నన్ను ఇరికించడానికి కట్టావనుకున్నాను. అందుకే ఆ బండి దగ్గరికి కూడా పోలేదు."

"మరి సీసా?"

"షెడ్‌లో కూలర్ ఉంది. మధ్యాహ్నం నమాజు అక్కడ, ఆ మూల కారు వెనక చేసుకుంటాను. ఆ నీళ్ళు నమాజుకు ముందు చేతులూ కాళ్ళూ కడుక్కోవడానికి. నాలుగేళ్ళుగా అక్కడే."

"ఆ రోజే చెప్పొచ్చు కదా."

"అర్బాబ్ అడిగితే చెప్పేవాణ్ణి. నువ్వు అడిగింది, ఏం పని అని. దొంగను అడిగినట్టు. ఒక ఫౌజీ ఇంకో ఫౌజీని అలా అడిగితే జవాబు రాదు."

తాళంచెవి నా అరచేతిలో పెట్టి పోయాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడమే సులువుగా ఉంది.

ట్యాంకు మళ్ళీ కడిగి కొత్త పెట్రోలు పోశాను. అయిదు రోజుల తర్వాత బండి మళ్ళీ దగ్గింది.

ఫ్లోట్ గిన్నెలో నీళ్ళు. డ్రైవర్ లుసైల్‌లో ఉన్నాడు. పెట్రోలు మొత్తం డబ్బాలోకి తీసి, ట్యాంకు అడుగునున్న ట్యాప్ విప్పాను. ట్యాప్‌కు పైన సన్నని ఇత్తడి జాలీ ఉంటుంది. చెత్త లోపలికి పోకుండా. దాన్ని వెలుతురులోకి పట్టాను. జాలీకి ఏదో గోధుమరంగు నలుసు అంటుకుని ఉంది. గోటితో తీసి వేళ్ళ మధ్య నలిపాను. పెట్రోలు వాసన మధ్యలో నుంచి కూడా తెలిసింది.

జీలకర్ర.

వంటింట్లోకి పోయేసరికి వంటవాడు చేపలు కడుగుతున్నాడు. నలుసు ఉన్న వేలిని అతని ముందు పెట్టాను. చూశాడు. చేతిలోని చేప గిన్నెలోకి జారింది.

"ఎందుకన్నా?"

కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చున్నాడు.

"మామా చెప్పింది" అన్నాడు. అక్కడ పనివాళ్ళు ఇంటి పెద్దామెను మామా అనే పిలుస్తారు. అర్బాబ్ తల్లి. "ఆ బండి మల్ల రోడ్డెక్కద్దన్నది. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు రెండు నెలలు ఇంట్లనే పండవెట్టి సాకిందామె. కాదని ఎట్లంట?"

"ఏమైంది ఆ బండికి?"

"అర్బాబుకు ఒక అన్న ఉండె. పెద్దబాబు. పన్నెండేండ్ల కింద గా బండి మీదనే పాయె. రోడ్డు మలుపుకాడ రౌండ్ ఉంటది సూడు, ఆడ జర్రంత గూడ తగ్గియ్యలే. సీదా పోయి గోడకు కొట్టిండు. చూసినోళ్ళందరు ఫుల్ స్పీడ్‌ల ఉండె అన్నరు. తాగిండన్నరు, దోస్తులకు చూపియ్యబోయిండన్నరు. వాళ్ళ నాయిన అదే నమ్మిండు. సచ్చేదాంక ఆ కొడుకు పేరు ఎత్తలే."

"నీ మీదికి రావద్దని డ్రైవర్ మీదికి తోసినవా?"

తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నువ్వు మనోడివి. ఆ నేరం నీ మీదికి రావద్దనుకున్న. ఆయన గురించి ఆలోచన చెయ్యలే. అనేదేమున్నది, తప్పే."

నాకు కోపం వచ్చింది. కానీ ఆ కోపం అతని మీద ఎంతసేపు నిలబడాలి? అతను ఒక మాట అన్నాడు. మిగతా అంతా నేను కట్టుకున్నాను. దారంతో సహా.

షెడ్‌కు తిరిగి వచ్చాను. కానీ వంటవాడు చెప్పినదాంట్లో ఒక ముక్క నన్ను వదల్లేదు. జర్రంత కూడా తగ్గించలేదు. తాగినవాడు కూడా గోడ కనబడితే చెయ్యి వదిలేస్తాడు. వదిలినా బండి తగ్గకపోతే? కుడి వైపు నట్ల మీద ఆ పిచ్చి బిగింపు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మనుషుల్ని అనుమానించాను. మొదటిసారి బండిని అనుమానించాను.

వంటవాడితో చెప్పాను. "రెండు దినాలు నీళ్ళు పొయ్యకు అన్నా. మామాను నేను మోసం చెయ్య."

మర్నాడు ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి, కార్బురేటర్లు విప్పి తుడిచి తిరిగి ఎక్కించాను. ఎడమ నట్లు వేళ్ళతో తిప్పి, పానాతో పావు చుట్టు. కుడి వైపు మాత్రం కావాలని, నాకు దొరికినప్పుడు ఎంత బిగువుగా ఉన్నాయో అంత బిగించాను. బండిని పెద్ద స్టాండు మీద నిలిపాను. ముందు చక్రానికి దిమ్మెలు వేశాను. బండి తాళం మీద ఎడమ చెయ్యి పెట్టుకున్నాను. 15:20కి స్టార్ట్ చేశాను. పది నిమిషాలు వేడెక్కనిచ్చాను. తర్వాత రేస్ పూర్తిగా తిప్పాను.

వదిలాను.

ఇంజను తగ్గలేదు. రేకులు అదిరిపోయాయి. చెయ్యి తీసేసినా అరుస్తూనే ఉంది. మూడు లెక్కపెట్టి తాళం తిప్పేశాను.

చెవుల్లో హోరు తగ్గేసరికి వెనక ఎవరో నిలబడ్డారు. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలో డెబ్భై దాటిన మనిషి. మామా. కాళ్ళకు చెప్పులు లేవు. పెద్దింటి నుంచి ఆ వేడి కంకర మీద అలాగే నడిచి వచ్చింది. ఆమె వెనక వంటవాడు, గసపోసుకుంటూ.

ఆమె ఏదో అన్నది. వంటవాడు తెలుగులో చెప్పాడు. "ఆ దినం గూడ గిదే సప్పుడట. గేటుదాంక ఇనొచ్చిందట."

"ఆమెను కూసోమను అన్నా. ఒక్క పది నిమిషాలు."

స్టూలు వేశాను. కూర్చుంది. కుడి కార్బురేటర్ పై మూత తీసి, స్ప్రింగు, కేబులు వేరు చేశాను. ఉత్త స్లయిడ్‌ను లోపల పెట్టి వదిలాను. కింద పడలేదు. మధ్యలో పట్టేసుకుని నిలబడింది. వేలితో తోస్తే గానీ దిగలేదు. తర్వాత రెండు నట్లూ వదులు చేసి మళ్ళీ వదిలాను. టక్కున కింద పడింది.

కార్బురేటర్ బయటికి తీశాను. ఇంజనుకు ఆనే అంచు మీద ఇనుప స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టాను. మధ్యలో సన్నని సందు. అంచు విల్లులా వంగింది.

"అన్నా, ఆమెకు మంచిగ అర్థమయ్యేటట్టు చెప్పు. ఎవరో మెకానిక్ ఈ నట్లు ఎక్కువ బిగించిండు. దాంతోటి లోపల స్లయిడ్ జారే దారి నొక్కుకపోయింది. పూర్తిగ రేస్ ఇస్తే స్లయిడ్ పైననే పట్టేస్తది. చెయ్యి వదిలినా దిగది. విప్పి చేతిల పట్టుకుంటే మల్ల మంచిగనే జారుతది. అందుకే ఎవరికీ దొరకలే. నేను గూడ మొదటిసారి మంచిగుందనే అనుకున్న. వాళ్ళ పెద్దబాబు చెయ్యి వదిలే ఉంటడు. బండి వదల్లే."

వంటవాడు అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

ఆమె చెయ్యి చాచింది. కార్బురేటర్ ఇచ్చాను. పెట్రోలు మరక అంటుతుందని గుడ్డ ఇవ్వబోయాను. తీసుకోలేదు. స్లయిడ్‌ను వేలితో పైకి నెట్టి వదిలింది. పడింది. మళ్ళీ నెట్టి వదిలింది. నన్ను చూసి, బిగించమన్నట్టు చెయ్యి తిప్పింది. మళ్ళీ ఇంజనుకు పెట్టి బిగించాను. లేచి వచ్చి నెట్టింది. స్లయిడ్ పైనే నిలబడిపోయింది. ఆమె కిందికి లాగడానికి ప్రయత్నించలేదు. అలాగే చూస్తూ నిలబడింది.

అప్పటికి అర్బాబ్ వచ్చాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. తల్లిని అక్కడ చూసి గుమ్మంలోనే ఆగాడు. నేను ముందు చెప్పాల్సింది ముందు చెప్పాను.

"అర్బాబ్, నేను తప్పు రిపోర్టు ఇచ్చాను. నీళ్ళు పోసింది డ్రైవర్ కాదు."

"మరి ఎవరు?"

నేను నేల చూశాను. వంటవాడు నోరు తెరవబోయాడు. ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఒకే ఒక్క మాట అన్నది. "అనా." ఆ పాటి అరబ్బీ నాకూ తెలుసు. నేను అని.

తర్వాత కొడుకును పక్కకు పిలిచి, కార్బురేటర్ ముందు నిలబెట్టి, స్లయిడ్‌ను తనే చూపించింది. ఆయన దాన్ని నెట్టి చూశాడు. మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నేనూ వంటవాడూ బయటికి వచ్చేశాం.

మర్నాడు ఆయన నాతో అన్నాడు. "మా నాన్న బతికుంటే ఇది చూపించేవాణ్ణి. మా అన్న గురించి ఆయన ఆఖరి మాట తిట్టు. ఆ తిట్టు తప్పని ఆయనకు తెలియకుండానే పోయాడు."

పాత కార్బురేటర్లు పనికిరావని చెప్పాను. అంచును గాజు పలక మీద గరుకు కాగితంతో అరగదీసి చదును చేయొచ్చు. కానీ ఆ ఇంట్లో దాన్ని మళ్ళీ బిగించడానికి నాకు చేతులు రాలేదు. ఇంగ్లండు నుంచి రెండు కొత్త కార్బురేటర్లు వచ్చాయి. పాత కుడిదాన్ని మామా అడిగి తీసుకుంది. ఇంట్లో ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు.

డిసెంబరులో అర్బాబ్ బండి మీద లుసైల్ వెళ్ళాడు. వెనక కారులో నేను, పనిముట్లతో. నూరు కిలోమీటర్లు. ఎక్కడా దగ్గలేదు. ప్రతి రౌండ్ దగ్గరా ఆయన చెయ్యి వదలడం, బండి తగ్గడం చూశాను. మామా గేటు దాకా రాలేదు. పైకిటికీ పరదా మాత్రం పూర్తిగా తీసి ఉంది.

లుసైల్‌లో పని అయిన తర్వాత ట్యాంకర్లు నిలిపే యార్డుకు పోయాను. డ్రైవర్ ట్యాంకర్ నీడలో కూర్చుని రొట్టె తింటున్నాడు. ముఖం నల్లబడింది. ఎదురుగా నిలబడి చెప్పాను.

"తప్పు నాది. అర్బాబ్‌కు చెప్పాను. నిన్ను తిరిగి రమ్మన్నారు."

అతను రొట్టె ముక్క నమలడం పూర్తిచేశాడు.

"నా జాగాలో మీ దేశం వాడు ఉండి ఉంటే దారం కట్టేవాడివా?"

"కట్టేవాణ్ణి కాదు."

"నిజం చెప్పావు. నీ జాగాలో నేనున్నా కట్టేవాణ్ణి" అన్నాడు. నవ్వలేదు. రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. తిన్నాను.

జనవరిలో గేటుకు తిరిగి వచ్చాడు. వంటవాడు అతని గదికి పోయి ఏదో చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వంటవాడు ఆ తర్వాత నాకు జీలకర్ర నీళ్ళు పంపలేదు. మూత సీలు తియ్యని సీసాలు పంపాడు. నేను వద్దనలేదు. ఇద్దరం బాగానే మాట్లాడుకునేవాళ్ళం. కానీ అన్నం తినేటప్పుడు మా మధ్య ముందున్న కబుర్లు లేవు.

మిగిలిన కాలం పనితోనే గడిచింది. ఏడు కార్లలో అయిదు నడిపించాను. రెండేళ్ళు పూర్తయ్యాయి. ఆఖరి రోజు విమానాశ్రయానికి నన్ను దింపింది డ్రైవరే. దారిలో పెద్దగా మాటల్లేవు. బ్యాగు దింపి ట్రాలీ మీద పెట్టి, "ఖుదా హాఫిజ్, ఉస్తాద్" అన్నాడు. చెయ్యి కలిపాం. మర్నాడు సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

"దుబాయ్‌ల ఏం పని చేసినవ్?" అని మీరు అడిగితే పాత బండ్లు బాగుచేసిన అని చెప్పాను. అది నిజమే.

కానీ నా కళ్ళ ముందు నుంచి పోనిది బండి కాదు. డ్రైవర్ తిరిగి వచ్చాక నేను ఎన్నిసార్లు చెప్పినా షెడ్‌లో నమాజు చేసుకోలేదు. కూలర్ ఉన్నా సరే. మధ్యాహ్నం ఎండలో బయటి కొళాయి దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుని, గోడ పక్క జానెడు నీడలో చాప పరుచుకునేవాడు. తర్వాత ఏదైనా కారు తీయడానికి షెడ్‌కు వచ్చేవాడు. గుమ్మంలో ఆగేవాడు. లోపల నేను పని చేసుకుంటూ తల ఎత్తేదాకా ఆగేవాడు. అప్పుడు రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు నాకు చూపించేవాడు. ముఖంలో కోపం ఉండేది కాదు, వెటకారం ఉండేది కాదు. చెక్‌పోస్టు దగ్గర చూపించినట్టు. ఇంకా ఆరని నీటి చుక్కలు వేళ్ళ చివర్ల నుంచి కారుతుండేవి. నేను తల ఊపేదాకా అతను లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.